పొగను చూచి నిప్పు అనే ముందు

హిందూపురము నుండి పెనుకొండ మీదుగా ధర్మవరము పోయే బండిలో ప్రయాణము చేసినవారికి ఒక సంగతి అనుభవములో ఉండే ఉంటుంది. బండి ఎంత తాపీగా నడిచినా, అందులోని వాదములు మాత్రము మెయిలు వేగముతో నడుస్తాయి. వానల మీద, వేరుశనగ ధర మీద, రాజకీయముల మీద, పిల్లల చదువుల మీద ఎవరికి తోచిన యుక్తి వారు చెబుతారు. దిగవలసిన స్టేషను రాగానే గెలిచినవారూ, ఓడినవారూ మూటలు సర్దుకొని దిగిపోతారు. ఎవరి మాటలో ఎంత పస ఉన్నదో తేల్చినవారు మాత్రము ఉండరు.

సంతలో కుండ కొనేటప్పుడు మనము ఊరకే కొనము. వ్రేలితో తట్టి చూస్తాము. ఖంగుమని మ్రోగితే తీసుకుంటాము. బీటవారిన మోత వస్తే ప్రక్కన పెడతాము. కొద్దిపాటి డబ్బుతో కొనే కుండ విషయములో ఇంత జాగ్రత్త చూపే మనము, ఒక సంసారము కూడబెట్టిన సొమ్మంతా ఆధారపడిన మాటను మాత్రము తట్టి చూడకుండానే ఇంటికి తెచ్చుకుంటాము. మాటను తట్టి చూడడము ఎలాగ అన్నదే నేటి ప్రసంగ విషయము. ఇందుకు పెద్ద పాండిత్యము అక్కరలేదు. ఆ బండిలో ఒక ప్రయాణమున నా చెవిని బడిన మాటలే మనకు చాలును.

హిందూపురములో బండి కదలగానే నా ఎదుటి బల్లమీద కూర్చున్న ఇద్దరు పెద్దమనుషులు జిల్లా కేంద్రము సంగతి ఎత్తుకున్నారు. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీన అనంతపురము జిల్లా నుండి శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినది, పుట్టపర్తి కేంద్రమైనది. కేంద్రము తమ పట్టణమే కావలెనని హిందూపురములో అప్పుడు గట్టి ఆందోళన నడిచినది. ఆ చర్చయే బండిలో మళ్ళీ రాజుకున్నది. ఒకరన్నారు: "లోక్‌సభ నియోజకవర్గమునకు ఒక జిల్లా అన్నారు. మన నియోజకవర్గము పేరు హిందూపురము. కనుక కేంద్రము కూడా హిందూపురమే కావలెను." రెండవవారు తడుముకోకుండా, "నీది హిందూపురము కాబట్టి నీవట్లా అంటావు. నీది పుట్టపర్తి అయితే ఈ మాట అంటావా?" అన్నారు. చుట్టూ ఉన్నవారు ఘొల్లున నవ్వినారు. ఆ నవ్వుతోనే మొదటి ఆయన ఓడిపోయినట్లు తీర్పు జరిగిపోయినది.

కేంద్రము ఎక్కడ ఉండవలెనన్నది నా విషయము కాదు. ఆ రెండు మాటలనూ తట్టి చూద్దాము. మొదటి వాదములో చెప్పిన హేతువు జిల్లా హద్దులకు సంబంధించినది. హద్దులు ఎట్లా గీయవలెనన్న సూత్రము, ఆ హద్దుల లోపల కచ్చేరీలు ఎక్కడ పెట్టవలెనన్న ప్రశ్నకు సమాధానము చెప్పదు. జనాభా, వ్యాపారము, నలుమూలల నుండి రాకపోకల సౌకర్యము, వీటిని చెప్పి ఉంటే అవి విచారించదగిన హేతువులయ్యేవి. ఆయన చెప్పినది నిజమే కావచ్చును. కాని అది చెప్పదలచుకున్న దానికి అంటుకోలేదు.

రెండవ వాదము మరీ చిత్రమైనది. అది మాటను ముట్టుకోనే లేదు. మాట్లాడిన మనిషిని పట్టుకున్నది. దొంగ చేతికి ఉన్న గడియారము కూడా సరియైన కాలము చూపవచ్చును. చెప్పేవానికి అందులో స్వార్థమున్నదని తెలిస్తే, ఆ మాటను మరికొంత జాగ్రత్తగా పరీక్షించడమునకు అది కారణమవుతుంది. పరీక్షించకుండానే త్రోసివేయడమునకు కారణము కాదు. మన ఇండ్లలో, పంచాయితీలలో, సభలలో ఎన్ని మంచి మాటలు ఇట్లా నవ్వుల పాలై పోయినవో గుర్తు తెచ్చుకుంటే తెలుస్తుంది.

ప్రక్క బల్లమీద ఒక కుటుంబము వారు లేపాక్షి చూచి వస్తున్నారు. హిందూపురమునకు సుమారు పదిహేను కిలోమీటర్ల దూరములో ఉన్న ఆ వీరభద్రాలయము విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల కాలమున, అనగా 1529కి, 1542కి మధ్య, విరుపణ్ణ, వీరణ్ణ అనే సోదరుల పూనికతో వెలసినదని ప్రసిద్ధి. రాజు అనుమతి లేకుండా కోశాగారపు ధనము గుడికి వెచ్చించినాడన్న నింద పడగా, విరుపణ్ణ తన కన్నులు తానే పెరికి గోడకు విసిరినాడని ఒక కథ ఉన్నది. గోడమీది ఎర్రని మచ్చలు అవేనని చూపుతారు. ఆ ఇంటి కుర్రవాడు, "ఆ మచ్చలు నేను కళ్ళారా చూచినాను తాతా. కథ నిజమే" అన్నాడు. తాతగారు, "కథ నిజము కాకపోతే ఆ ఊరికి లేపాక్షి అని పేరెట్లా వచ్చినదిరా?" అని బలపరచినారు. ఇంతలో ఆ పిల్లవాని అమ్మమ్మగారు, "పేరు అందుకు కాదు. రాములవారు రెక్కలు తెగిన జటాయువును చూచి 'లే, పక్షీ' అన్నారు. అందుకు ఆ పేరు" అన్నారు.

చూచినారా? ఒకే పేరు, రెండు కథలు. ఆ పేరు మొదటి కథకు ఎంత చక్కగా అమరినదో రెండవ దానికీ అంత చక్కగా అమరినది. రెండింటికీ సమానముగా అమరే సాక్ష్యము రెండింటిలో ఏదీ నిజమని తేల్చలేదు. ఎర్రని మచ్చల సంగతీ అంతే. కథ నిజమైతే మచ్చ ఉంటుంది. కథ నిజము కాకపోయినా, రంగు వలననో, రాతి గుణము వలననో మచ్చ ఉండవచ్చును. పైకప్పు నిండా రంగుల చిత్రములున్న గుడి అది. మచ్చను చూచినవాడు మచ్చను చూచినాడు, విరుపణ్ణను చూడలేదు. ఈ మాట అనడము వలన లేపాక్షి శిల్పుల గొప్పతనము గాని, ఆ కథలోని కరుణరసము గాని రవ్వంత తగ్గదు. కథను కథగా ప్రేమించడమునకు దానిని సాక్షుల బోనులో నిలబెట్టవలసిన పని లేదు.

ఇంతలో పెనుకొండ వచ్చినది. 1565లో తళ్ళికోట యుద్ధము తరువాత విజయనగర రాజ్యమునకు రాజధానియైన ఊరు ఇది. పేరుకు తగినట్లు పెద్ద కొండ, దానిపై కోట. తెల్లవారుజామున ఆ కొండ నడుమన తెల్లగా ఏదో ఆవరించి ఉన్నది. ఒకాయన, "కొండమీద గడ్డి అంటుకున్నట్లున్నది, పొగ చూడండి" అన్నారు. కొంత సేపటికి ఎండ తగిలి ఆ తెలుపు విచ్చిపోయినది. అది మంచు. నాకు మాత్రము మన తర్కశాస్త్రము ఎదుట నిలిచినట్లయినది. ఏలనగా ఆ శాస్త్రము చదివే ప్రతి విద్యార్థీ మొట్టమొదట ఎక్కేది ఆ కొండే; మొట్టమొదట చూచేది ఆ పొగే.

పదిహేడవ శతాబ్దములో అన్నంభట్టు అనే తెలుగు పండితుడు 'తర్కసంగ్రహము' అనే చిన్న గ్రంథము వ్రాసినాడు. దేశములో తర్కము నేర్చుకొనే పిల్లలకు తరతరాలుగా అది బాలశిక్ష. కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని పండితులలో ఒక సామెత కూడా పుట్టినది. ఆ సామెతలోనే ఒక తర్కపాఠము ఉన్నది. అన్నంభట్టు కాశీకి పోయినమాట నిజము, గొప్పవాడైనమాట నిజము. కాని కాశీయే ఆ గొప్పతనమునకు హేతువని చెప్పలేము.

శాస్త్రకారులు వాదమును అయిదు మెట్లుగా నడుపుతారు. కొండమీద నిప్పు ఉన్నది అనడము ప్రతిజ్ఞ. పొగ ఉన్నది కనుక అనడము హేతువు. ఎక్కడెక్కడ పొగ ఉన్నదో అక్కడక్కడ నిప్పు ఉంటుంది, వంటయింటిలో వలె, అనడము ఉదాహరణ. ఈ కొండమీద అటువంటి పొగయే ఉన్నది అనడము ఉపనయము. కనుక నిప్పు ఉన్నది అనడము నిగమనము. మనము నిత్యము చేసే వాదములలో మొదటి రెండు మెట్లే పైకి వినబడతాయి. మోసము జరిగేది మూడవ మెట్టు దగ్గర. హేతువు ఉన్నచోటనెల్లా సాధ్యము తప్పక ఉంటుందా అన్నది అక్కడ తేలవలెను. ఆ విడరాని సంబంధమునకు వ్యాప్తి అని పేరు. హేతువువలె కనబడి హేతువు కానివాటిని హేత్వాభాసలు అన్నారు. అవి అయిదు విధములు. మనకు ముఖ్యముగా మూడు చాలును.

పొగ అనుకున్నది మంచు అయితే, చెప్పిన హేతువే అక్కడ లేదు. అది అసిద్ధము. ఒక కథకు ఎదురుగా అంతే బలముగల మరొక కథ నిలిస్తే, లేపాక్షి పేరు వలె, అది సత్ప్రతిపక్షము. హేతువు ఉండి కూడా సాధ్యము లేని చోటు ఒకటి కనబడితే అది సవ్యభిచారము. మన మోసములలో నూటికి తొంబది మూడవ జాతివే అని నాకు తోస్తుంది.

పెనుకొండలో ఎక్కిన ఒక రైతు, ఆ ఏడు వాన ఆలస్యమైతే ఊరివారు కప్పలకు పెండ్లి చేసిన సంగతి చెప్పినాడు. పెండ్లి జరిగిన పదిరోజులలో వాన పడినదట. కాకి వాలినది, తాటిపండు రాలినది. మన పెద్దలు దీనికి కాకతాళీయ న్యాయము అని ఎన్నడో పేరు పెట్టినారు. ఈ జిల్లాలో ఎక్కువ వాన కురిసే నెల సెప్టెంబరు. జనము ఆశ వదులుకొని కప్పలను వెదకేది ఆగస్టులో. పెండ్లి చేసినా, చేయకపోయినా వాన రావలసిన కాలము అదే. పెండ్లి చేసిన తరువాత కూడా వాన పడని సంవత్సరములు ఏమైనవని ఎవరూ అడగరు. వేడుక వేడుకగా చేసుకోవచ్చును. కాని దానిని నమ్మి విత్తనము చల్లితే నష్టపోయేది కప్ప కాదు.

ధర్మవరానికి పెండ్లి చీరలు కొనడానికి పోయేవారు కూడా మా పెట్టెలో ఉన్నారు. "మంచి పట్టు చీర ధర ఎక్కువ ఉంటుంది. అందుచేత ధర ఎక్కువ చెప్పిన అంగడిలోనే కొందాము" అని ఆ ఇంటి ఇల్లాలు అన్నది. ఇది వాదమును తలక్రిందులు చేయడము. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. కాని నిప్పు ఉన్నచోటనెల్లా పొగ ఉంటుందా? కమ్మరి కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుప కడ్డీని చూడండి. నిప్పు ఉన్నది, పొగ లేదు. అట్లాగే మంచి చీరకు ధర ఉండవచ్చును గాని, ధర ఉన్నదెల్లా మంచి చీర కాదు.

వారిలో ఒక యువకుడు, "ఒక పోగు లాగి కాల్చి చూద్దాము పెద్దమ్మా" అన్నాడు. ఇది మేలైన దారి. పట్టుపోగు కాలితే వెండ్రుక కాలిన వాసన వస్తుంది. మిగిలిన బూడిద వ్రేళ్ళ మధ్య నలిగిపోతుంది. కృత్రిమమైన పోగు చాలవరకు కరిగి గట్టి పూసవలె ముద్దకడుతుంది. అయితే ఇక్కడా ఒక మెలకువ కావలెను. పడుగు నుండి తీసిన పోగు పడుగును గురించి మాత్రమే సాక్ష్యము చెబుతుంది. పేకను గురించి చెప్పదు. 2004 నుండి అమలులో ఉన్న సిల్క్ మార్క్ ముద్ర కూడా అది పట్టు అని చెబుతుంది. చేమగ్గము మీద నేసినదనీ, జరీ మేలైనదనీ చెప్పదు. చేమగ్గపు గుర్తు వేరే ఉన్నది. ఏ సాక్షిని ఏ సంగతి అడగవలెనో ఆ సంగతే అడగవలెను.

ఇక ఈ ప్రసంగమునకు నన్ను పురికొల్పిన సంగతికి వస్తాను. కప్పల పెండ్లి మాట చెప్పిన ఆ రైతు వరుసకు నాకు మామ అవుతాడు. ఊరు పెనుకొండ దగ్గరి పల్లె. ఆయన ధర్మవరానికి బోరు లారీని మాట్లాడడానికి పోతున్నాడు. అంతకు ముందే రెండు బోర్లు వేయించినాడు. రెండింటిలోనూ దుమ్ము తప్ప మరేమీ రాలేదు. అత్త మెడలోని సరుకు ఒకటి ఇప్పటికే కుదువలో ఉన్నది. రెండవది ఆయన జేబులో మూటగట్టి ఉన్నది.

"ఈ తడవ ఖాయమల్లుడా. నీళ్ళు చూసే ఆయనను పిలిపించినాను. అరచేతిలో టెంకాయ పెట్టుకొని చేనంతా తిరిగినాడు. ఈశాన్యము మూలకు పోతానే టెంకాయ నిట్టనిలువుగా లేచింది. ఆయన చూపించిన బోర్లలో నీళ్ళు పడినాయి. మా పక్క చేనువానికి పడినాయి, చెరువు కింద రెడ్డికి పడినాయి" అన్నాడు.

"పడని బోర్లెన్ని మామా?" అని అడిగినాను.

ఆయన కొంచెము సేపు నా వంక చూచి, "పడని బోరు సంగతి ఎవరు చెప్పుకుంటారప్పా?" అన్నాడు.

శ్రోతలారా, ఈ సమస్య యావత్తూ ఆ ఒక్క మాటలో ఉన్నది. నీళ్ళు పడిన బోరు దగ్గర మోటారు మ్రోగుతుంది, పచ్చని చేను కనబడుతుంది, పదిమంది దాని మాట చెప్పుకుంటారు. నీళ్ళు పడని బోరు మూతి మీద ఒక రాయి పెట్టి, రైతు తలవంచుకొని ఇంటికి పోతాడు. ఆ రాతి క్రింద సాక్ష్యము కూడా కప్పబడిపోతుంది. మిగిలినవన్నీ గెలుపులే అయినప్పుడు టెంకాయ ఎన్నడూ ఓడదు.

వాదము నిలువవలెనంటే నాలుగు లెక్కలు కావలెను. చూపించగా నీళ్ళు పడినవి ఎన్ని, చూపించినా పడనివి ఎన్ని, చూపించకుండా వేయగా పడినవి ఎన్ని, చూపించక వేసి పడనివి ఎన్ని. మనకు వినబడేది మొదటి లెక్క ఒక్కటే. ఉదాహరణకు ఒక ఊరిలో చూపించి వేసిన పది బోర్లలో ఆరింటికి నీళ్ళు పడినవి అనుకుందాము. ఆరు అనగానే గొప్పగా ఉంటుంది. ఆ ఊరిలోనే ఎవరినీ అడుగక వేసిన పదింటిలో కూడా ఆరింటికే పడినవి అనుకుందాము. అప్పుడు టెంకాయ చేసిన మేలు ఎంత? ఏమీ లేదు. రెండవ లెక్క తెలియనిదే మొదటి లెక్కకు అర్థము లేదు.

మన సీమలో భూమి అడుగున గట్టి రాయి. నీరు ఉండేది పైన చితికిన రాతి పొరలోను, క్రింద రాతి పగుళ్ళలోను. పగులు తగిలితే నీరు. నాలుగు బారల దూరములో పగులు తప్పితే దుమ్ము. చెరువు క్రింది పల్లములో ఎవరు ఎక్కడ వ్రేలు పెట్టి చూపినా నీరు పడే అవకాశము ఎక్కువ. చెరువు క్రింద రెడ్డికి నీళ్ళు పడినవంటే, మెచ్చుకోవలసినది టెంకాయనా, చెరువునా?

ఈ విద్యను ఇతర దేశములవారు కూడా పరీక్షకు పెట్టినారు. జర్మనీలో మ్యూనిక్ దగ్గర 1987, 1988 సంవత్సరములలో ఒక కొట్టము క్రింది అంతస్తులో నీటిగొట్టమును ఇటూ అటూ జరుపుతూ, పై అంతస్తులో ఉన్నవారిని అది ఎక్కడ ఉన్నదో చెప్పమన్నారు. నేర్పరులని ఏరుకున్న 43 మందితో 843 సార్లు పరీక్ష జరిగినది. వారిలో చాలమంది గుడ్డిగా చెప్పినవారి కన్న మెరుగుగా చెప్పలేకపోయినారు. ఏ కొద్దిమందో మెరుగుగా చెప్పినారని పరీక్షకులు అన్నారు. అది కూడా యాదృచ్ఛికమేనని ఆ లెక్కలను తిరిగి చూచిన మరొక శాస్త్రజ్ఞుడు వాదించినాడు. ఇక్కడ గమనించవలసినది ఫలితము కన్న పద్ధతి. తప్పినవాటిని కూడా ఒక్కటి విడువకుండా వ్రాసి పెట్టినారు.

న్యాయముగా ఇంకొక మాట కూడా చెప్పవలెను. వాదము తప్పయినంత మాత్రాన విషయము తప్పని తేలిపోదు. టెంకాయ లేచిన ఈశాన్యము మూలలోనే రేపు నీరు పడవచ్చును కూడా. నేను మామతో అన్నది అక్కడ నీళ్ళు లేవని కాదు. ఉన్నవని అనడమునకు ఆయన చెప్పిన కారణము చాలదని. భూమిలోనికి విద్యుత్తును పంపి రాతి పొరలను అంచనా వేసే పరీక్షలు ఉన్నవి. వాటిని చేసేవారు కూడా తప్పుతారు. వారిని కూడా అదే ప్రశ్న అడగవలెను: "అయ్యా, మీరు చూపించినవాటిలో పడనివి ఎన్ని?" ఆ ప్రశ్నకు కోపపడకుండా లెక్క చెప్పేవానిని కొంత నమ్మవచ్చును.

బండి ధర్మవరము చేరినది. చీరల వారు దిగి సందడిగా వెళ్ళిపోయినారు. మామ మాత్రము ప్లాట్‌ఫారము మీది బల్లమీద కూర్చున్నాడు. జేబు మీద చేయి వేసుకొని చాలసేపు మాట్లాడలేదు. చివరకు, "లారీ రేపైనా దొరుకుతుంది. మా ఊళ్ళో రాళ్ళు పెట్టిన బోర్లు ఎన్నుండాయో ఒకసారి తిరిగి ఎంచి వస్తా. ఎవరెవరికి ఎవరు చూపించినారో కూడా అడుగుతా" అన్నాడు. వచ్చిన దారినే పోయే బండికి టిక్కెట్టు తీసుకున్నాడు.

ఆయన ఆ తరువాత బోరు వేయించినాడా, నీళ్ళు పడినవా అని మీరు అడుగవచ్చును. ఆ కథ చెప్పితే, నీళ్ళు పడితే ఒక విధముగాను, పడకపోతే మరొక విధముగాను ఈ ప్రసంగమునకు మీరు విలువ కడతారు. ఒక్క బోరును బట్టి విలువ కట్టడము తగదనే కదా ఇంతసేపూ మనము అనుకున్నది!

కనుక ఎవరైనా ఒక మాట చెప్పి నమ్మమన్నప్పుడు మూడు ప్రశ్నలు అడిగి చూడండి. చెప్పిన హేతువు నిజముగా ఉన్నదా, లేక మంచును పొగ అంటున్నారా? ఆ హేతువు ఉండి కూడా ఫలితము లేని చోట్లు ఉన్నవా, ఉంటే వాటిని ఎవరైనా లెక్క పెట్టినారా? ఇంతే బలముగా ఎదుటి పక్షమునకు కూడా అమరే సాక్ష్యమా ఇది? ఈ మూడింటినీ ఎదుటివాని మాట మీద ప్రయోగించడము సులభము. మనకు ఇష్టమైన మాట మీద, మనమే చెప్పిన మాట మీద ప్రయోగించడము కష్టము. ప్రయోజనము మాత్రము అక్కడే ఎక్కువ.

రేడియోలో చెప్పినారు కనుక నిజమేనని రేపు ఎవరైనా మీతో అంటే, దానిని కూడా ఒకసారి తట్టి చూడండి.